మా ఇంటి చన్నీళ్ల మొక్కు

మా చిన్నప్పుడు... ఒక చలికాలం, ఇరవై రోజుల పాటు మా ఇంట్లో నీళ్ల పొయ్యి వెలగలేదు.

నాలుగేళ్ల మా తమ్ముడికి టైఫాయిడ్. అమ్మ వాడితో దవాఖానలోనే ఉంది. జ్వరం దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది... మగ్గం నేసే మా నాయిన ఏం చేస్తాడు? బీచుపల్లి అంజన్నకు మొక్కుకున్నాడు. "పిల్లగాడు నడుచుకుంట ఇంటికొచ్చేదాక ఇంట్ల అందరం చన్నీళ్లే పోసుకుంటం స్వామీ" అని.

అందరం అంటే నాయిన, అవ్వ, తొమ్మిదేళ్ల నేను. మమ్మల్ని మాత్రం ఎవరూ అడగలేదు!

అసలే నాయినకు చన్నీళ్లంటే భలే నమ్మకం. "బద్ధకం పోతది బిడ్డా, రక్తం మంచిగ పారుతది, ఆకలైతది" అని చెబుతూనే నా నెత్తిన చెంబు గుమ్మరించేవాడు. నిజమే... తుడుచుకున్నాక ఒళ్లు వెచ్చబడి, ఇంకో రొట్టె తినాలనిపించేది. కానీ ఆ మొదటి చెంబు పడేటప్పుడు ఏ లాభమూ గుర్తుకు రాదండీ...

పదో రోజు పొద్దున ఇక నావల్ల కాలేదు. పక్కింటి పెద్దమ్మ వాళ్లు నూలుకు రంగులు వేసేవాళ్లు. మసక వెలుతురులో వాళ్ల వాకిట్లో బకెట్ నిండా పొగలు కక్కే నీళ్లు కనిపించాయి. చుట్టుపక్కల ఎవరూ లేరు. నెత్తి తడవకుండా నాలుగు చెంబులు గబగబా ఒంటి మీద పోసుకున్నాను. ఎంత హాయో...

తెల్లారాక చూసుకుంటే చేతులు, కాళ్లు గులాబీ రంగు! అవి రంగు వేసిన నూలు జాడించిన నీళ్లట. సబ్బుతో రుద్దినా పోలేదు, ఇటుక ముక్కతో రుద్దినా పోలేదు.

ఆ మధ్యాహ్నమే కబురొచ్చింది... తమ్ముడికి జ్వరం మళ్లీ ఎక్కువైందని. నాయిన మగ్గం మీది నుంచి లేచి, ఉన్నపళంగా బస్సెక్కాడు.

నా నాలుగు చెంబులే తమ్ముణ్ణి చంపేస్తున్నాయని నాకు ఖాయంగా అనిపించింది. నూలు మూటల వెనక దూరి, చేతులు గౌనులో దాచుకుని ఏడ్చాను.

అవ్వ వచ్చి బయటకు లాగింది. చేతులు చూసింది. అంతా చెప్పేశాను. "నా వల్లనే అవ్వా... అంజన్నకు కోపమొచ్చింది."

అవ్వ వాకిలి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "నేనైతే మొదటి దినం నుంచే వేన్నీళ్లు పోసుకుంటున్ననే. మీ నాయిన మగ్గంల కూసున్నంక, అన్నం పొయ్యి మీదనే కాగబెట్టుకుంటున్న. నా మోకాళ్ల నొప్పి అంజన్నకు తెల్వదా? మొక్కింది మీ నాయిన, నేను గాదు. చంటి పిల్లల మీద పగ పట్టేటోడు దేవుడెట్లయితడే?"

అంత ఏడుపులోనూ నవ్వొచ్చేసింది. గుండె మీది బండ ఎవరో దించినట్టయింది. అలాగే అవ్వ ఒళ్లో నిద్రపోయాను.

నాలుగు రోజులకు జ్వరం పూర్తిగా దిగింది. ఇంకో వారానికి తమ్ముడు అమ్మ చెయ్యి పట్టుకుని, బస్సు దిగి నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు! నాయిన ఆ సాయంత్రమే నీళ్ల పొయ్యి వెలిగించాడు. "ముందుగాల అవ్వ పోసుకోనియ్యి, పాపం ఇన్ని దినాల సంది వణుకుతుంది" అన్నాడు.

"అవును కొడుకా, ఎముకలు కొరికినయ్" అంది అవ్వ, నా వైపు చూడకుండా.

ఇప్పుడు అవ్వ లేదు. స్విచ్ వేస్తే వేన్నీళ్లు వస్తాయి. ఇంట్లో ఎవరికి ఏ నీళ్లు కావాలంటే ఆ నీళ్లు... ఒకరి కోసం ఇంకొకరు వణకాల్సిన పనే లేదు.

ఆ తమ్ముడేమో ఇప్పుడు రోజూ పొద్దున్నే షవర్ కింద చన్నీళ్లు పోసుకుని, వాటి లాభాలన్నీ నాకు వాట్సాప్‌లో పంపుతుంటాడు. అన్నీ నాయిన చెప్పినవే! నిన్న కూడా పంపాడు. "అక్కా, నువ్వు గూడ మొదలువెట్టరాదు" అని.

మీ ఇంట్లోనూ ఇలాంటి మొక్కులు, వాటి చాటున ఇలాంటి అవ్వలు ఉండే ఉంటారు... ఇన్నాళ్లకు ఇక బయటపెట్టండి, ఎవరూ ఏమీ అనరు.

ఇంతకీ తమ్ముడికి ఏం జవాబిచ్చానంటే...

"నా వంతు చన్నీళ్లు ఎప్పుడో పోసుకున్నరా. నువ్వు నడుచుకుంట వచ్చినవ్... నాకు గదే చాలు."