రబ్బరు వకీలు

మా మావగారు రబ్బరు మీద ఈగ వాలనివ్వరు. పడవల షెడ్డులో ముప్పై ఏళ్లుగా మరమ్మతులు చేస్తున్నారు, అక్కడ అందరూ ఆయన్ని రబ్బరు వకీలు అంటారు. అల్లుణ్ణి నేనూ ఈమధ్య ఆయన దగ్గరే పనిలో చేరాను. ఇంజను నుంచి ప్రొపెల్లరుకు వెళ్లే ఇనుప కడ్డీ చుట్టూ, నీళ్లు లోపలికి రాకుండా, గాజంత రబ్బరు సీలు ఉంటుంది. అది రెండేళ్లు మన్నాలి. రెండు నెలలకే అరిగితే పడవ యజమానులు పరిగెత్తుకొస్తారు.

“నాసిరకం రబ్బరండీ.”

మావగారు సీలు వాసన చూస్తారు. “రబ్బరు తప్పు కాదు. ఒడ్డు మీదే ఇంజను తిప్పి చూశారా? తడి తగలకుండా తిరిగితే మాడదా మరి?”

యజమాని కొత్త సీలుకు డబ్బులు తీస్తాడు.

ఇంట్లోనూ ఇదే తంతు. “కుక్కర్ గాస్కెట్ పాడైందండీ, ఆవిరంతా పోతోంది,” అన్నారు అత్తగారు ఒకరోజు.

“గాస్కెట్ తప్పు కాదు. మూత పెట్టిన చెయ్యి తప్పు.”

ఆ పూట ఆ చెయ్యే ఆయనకు ఉడకని అన్నం వడ్డించింది. మజ్జిగ పోసుకుని తిన్నారు.

మొన్న ఏరు దాటించే రేవు పడవ ఓనరు, పడవ నడిపే సరంగుని వెంటబెట్టుకొచ్చాడు.

“మూడు నెలల్లో ఇది మూడో సీలు. తప్పు రబ్బరుదా, ఇతనిదా చెప్పండి. ఇతనిదైతే రేపట్నుంచి వేరే మనిషిని పెట్టుకుంటాను.”

సీలు లోపలి అంచు నిండా ఇసుక గీతలు. అవి నాకే కనబడ్డాయంటే మావగారికి కనబడకపోవడమేమిటి? సరంగుని పక్కకు పిలిచారు. “అవతలి ఒడ్డున ఎక్కడ ఆపుతున్నావు?”

“రాళ్ల దగ్గర ఆపాలండి. చేతికర్రతో నడిచే పంతులమ్మగారు ఆ రాళ్లెక్కలేరు. ఆవిడ కోసం పక్కనే లోతు తక్కువున్న ఇసుక దాకా పోనిస్తున్నా.”

మావగారు సీలును గుప్పిట్లో మూశారు. ఓనరు దగ్గరకు వెళ్లారు.

“రబ్బరు తప్పే.”

నా చేతిలోని పానా జారి కాలి మీద పడింది.

“ఇంకో రకం వేస్తాను. ఇతన్నేమీ అనకండి,” అన్నారు.

మర్నాడు సెలవు పెట్టి, నన్నూ లాక్కెళ్లి, ఆ రాళ్ల మీద చెక్క మెట్లు వేసి, పట్టుకోవడానికి ఒక కమ్మీ బిగించారు. పంతులమ్మగారు మెట్లెక్కి వెళ్లడం చూశాకే ఇంటిదారి పట్టాం. ఇక పడవకు ఇసుకతో పనిలేదు.

దారిలో మావగారు వెనకబడి ఎవరితోనో గుసగుసలాడుతుంటే తిరిగి చూశాను. ఆయన అరచేతిలో ఆ అరిగిన సీలు ఉంది.

“ఏమీ అనుకోకు. నీ తప్పు కాదని నాకు తెలుసు.”

నన్ను చూసి దాన్ని జేబులో వేసుకున్నారు. “అల్లుడుగారూ, ఆ కొట్టు దగ్గర ఒక్క నిమిషం ఆగండి.”

ఇంటికొచ్చి అత్తగారి చేతిలో కొత్త గాస్కెట్ పెట్టారు. ఆవిడ నోరు తెరిచేలోపే, “నీ చెయ్యి తప్పు కాదు,” అని పెరట్లోకి వెళ్లిపోయారు.