ధూళి లేని మంచు

దెయ్యాల కథలు చెప్పేవాళ్లను ఆటపట్టించడంలో మా ల్యాబ్‌లో నేనే ముందుంటాను. అందుకే ఇది రాయడానికి కాస్త సిగ్గుగా ఉంది.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మాది చిన్న ల్యాబ్. కొండల మీది మేఘాల్లో మంచు స్ఫటికాలు ఎలా పుడతాయో చూస్తాం. మేఘంలోని నీటిబొట్టు సున్నా డిగ్రీల దగ్గరే గడ్డకడుతుందని చాలామంది అనుకుంటారు. మైనస్ పదిహేనులో కూడా అది నీరుగానే ఉండగలదు. గడ్డకట్టాలంటే లోపల ఒక ధూళి రేణువు లాంటిదేదో ఉండాలి. మేం ఒక ఫ్రీజర్ పెట్టెలో, వడకట్టిన గాలితో మేఘం తయారుచేసి, ధూళి చల్లి చూస్తాం. చల్లకపోతే మంచు రాదు.

ఈ పని నాకు నేర్పింది మా టెక్నీషియన్ రామప్పన్న, మా నగరంలోని పాత పేట బళేపేటలో పుట్టి పెరిగిన మనిషి. పెట్టెలో ఏ తేడా వచ్చినా ముందు ఆయనకు ఫోన్ చేసి తిట్లు తినాలి. మా దగ్గర అది ఆనవాయితీ.

మొన్నటి చలికాలంలో ఆయన హిమాలయాల్లో, మేఘాల్లోని మంచును లెక్కపెట్టే మా మిషన్ పక్కనున్న గదిలో ఒంటరిగా ఉన్నాడు. ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి నేను పెట్టెలో టార్చి వేస్తే, ధూళి చల్లకుండానే మంచు రేణువులు మెరుస్తున్నాయి. శుభ్రం చేసి మళ్లీ పెట్టాను. మళ్లీ వచ్చాయి. పొరపాటు నాదేననుకుని ఫోన్ చేశాను. రెండుసార్లు ఎత్తలేదు. ఒళ్లు మండి మూడోసారి చేశాను.

ఎత్తాడు గానీ మాట ముద్దగా ఉంది. తల పగిలిపోతోందన్నాడు. బొగ్గుల కుంపటి వెలిగించావా, కిటికీ తీసి ఉందా అని అడిగాను.

“మూసినానప్పా. పొగ పోయి మిషన్‌లో పడితే మంచు లెక్క చెడిపోతాది గదా.”

మూసిన గదిలో బొగ్గు పొగ మనిషిని నిద్రలోనే చంపేస్తుంది. వెంటనే బయటికి పొమ్మని అరిచాను. తలుపు చప్పుడు, గాలి హోరు వినిపించేదాకా ఫోన్ పెట్టలేదు. ఇంకాసేపు పడుకుని ఉంటే లేచేవాడు కాడని తర్వాత డాక్టరు చెప్పాడట.

ఆ సాయంత్రం మూడోసారి పెట్టె నడిపాను. మంచు రాలేదు. ఇప్పటిదాకా మళ్లీ ఎప్పుడూ అలా రాలేదు. మొదటి రెండుసార్లవీ ఫోటోలున్నాయి, వాటి మీద టైమూ ఉంది. ఫిల్టర్ మార్చాం, గొట్టాలన్నీ విప్పి చూశాం. ఏ లోపమూ దొరకలేదు.

రామప్పన్న తిరిగొచ్చాక ఆ ఫోటోలు చూపించాను. చాలాసేపు చూశాడు.

“చేతులు బాగా కడుక్కోని పెట్టె ముట్టుకున్న్యావా అప్పా?”

కడుక్కున్నానన్నాను. ఆయన ఫోటోలు తిరిగి నా చేతికిచ్చేశాడు. నన్ను తిట్టకపోవడం అదే మొదటిసారి.

లాగ్‌బుక్‌లో ఆ రోజు తేదీకి ఎదురుగా ‘కారణం’ అన్న గడి ఖాళీగా వదిలేశాను. ఏం రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఖాళీ గడి కనిపిస్తే ఊరుకోని రామప్పన్న కూడా దాన్ని అలాగే ఉంచేశాడు.