మెట్లు పోయిన బేస్ గిటారు

తల వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగను ఎక్కడా తెగకుండా ఎనిమిది వేల చుట్లు చుట్టి, మూగబోయిన బేస్ గిటారును మళ్ళీ మోగించడం ఆ ఇంటి కోడలు జీవితంలో సాధించిన మొదటి గెలుపు. అప్పటికి ఆమెకు పెళ్ళి కాలేదు. పంతొమ్మిదేళ్ళ వయసు, పదో తరగతి చదువు. మోటార్లకు తీగ చుట్టే వైండింగ్ షాపులో పనికి కుదిరిన మొదటి ఆడపిల్ల ఆమే. కార్మికుల క్లబ్బు వాళ్ళు పాడైన లౌడ్‌స్పీకర్లతో పాటు ఆ గిటారును కూడా తెచ్చి, "ఇది మోగదు, పారేయండి" అని మూల పడేసి వెళ్ళారు. తీగల మోతను పట్టుకునే అయస్కాంతపు డబ్బీ ఒకటి వాటి కింద ఉంటుంది, పికప్ అంటారు. అందులో చుట్టు తెగిందని ఆమె మీటరు పెట్టి కనిపెట్టింది. మొదటిసారి చుడితే నాలుగు వందల దగ్గర తెగింది. రెండోసారి మూడు వేల దగ్గర. మూడోసారి ఏడు వేలు దాటాక తుమ్ము వచ్చింది.

"పోనీలే అమ్మాయ్, నీళ్ళ మోటారుకైతే తుమ్మినా దగ్గినా ఏం కాదు," అని షాపు యజమాని నవ్వాడు.

నాలుగోసారి ఆమె ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చుంది. సాయంత్రానికి గిటారు 'బూం' అంది. బల్ల మీద టీ గ్లాసులు గజగజలాడాయి. పారేయమన్న వస్తువు కాబట్టి అది ఆమెదే అయింది.

ఒక్క ఘనకార్యంతో ఊరుకునే మనిషి కాదు ఆమె. గిటారు ఊరికే గుయ్యిమంటూ ఉంటే లోపలి గూటికి రాగి రేకు అతికించి ఆ గోల మాన్పించింది. తీగలు ఆనే పై కమ్మీ అరిగిపోతే విరిగిన కొమ్ము దువ్వెన నుంచి కొత్తది అరగదీసింది. బిరడా ఒకటి జారిపోతుంటే కుట్టు మిషను మర తెచ్చి బిగించింది, అది నేటికీ జారలేదు. వాయించడం ఎవరూ నేర్పలేదు, రేడియో పక్కన కూర్చుని పట్టేసింది. పదిహేనేళ్ళు ఆ క్లబ్బులోనే శనివారం శనివారం వాయించింది. ఆమె వాయించని శనివారాలు రెండే రెండు, ఆ రెండూ పురిటి రోజులు.

అత్తగారు లేని ఇంటికి ఆమె కోడలై వచ్చినప్పుడు పెట్టెతో పాటు ఆ గిటారునూ తెచ్చుకుంది. మామగారు వడ్రంగి. నలభై ఏళ్ళు తలుపులూ కిటికీలూ చేసిన మనిషి. ఆయన బిగించిన తలుపు నేలకు రాసుకుందని చెప్పినవాడు ఇంతవరకూ పుట్టలేదు. గిటారును తిప్పి చూసి, "నాలుగు తీగలున్న బల్ల," అని తేల్చేశారు. పదేళ్ళుగా ఆ ఇంట్లో దాని పేరు బల్లే. అయినా తన పనిబల్ల సగం కోడలికి ఖాళీ చేసి ఇచ్చింది కూడా ఆయనే.

ఇలా ఉండగా ఒక కబురు వచ్చింది. ప్రయాణికుల ఓడలో వాయించే బ్యాండుకు బేస్ గిటారు మనిషి కావాలి. మూడు నెలల పని. ఆదివారం పరీక్ష. ముప్పై అయిదేళ్ళు దాటినవాళ్ళను తీసుకోరు. ఆమెకు ముప్పై అయిదు నిండడానికి నాలుగు నెలలు ఉంది. ఇప్పుడు కాకపోతే ఇక లేనట్టే.

బుధవారం ఉదయం ఆమె గిటారును పనిబల్ల మీద పెట్టి అంతా సరిచూసింది. మెడలో దాగి ఉండి దాని వంపును మార్చే ఇనుప కడ్డీని పావు చుట్టు తిప్పి, తీగలు శ్రుతి చేసి, షాపుకు వెళ్ళింది. కోడలి పరీక్ష మామగారికి తన పరీక్షే అనిపించింది. తన వంతు ఏదైనా చెయ్యాలి. ఇనుప స్కేలు తెచ్చి గిటారు మెడ మీద ఆనించి, కంటికి ఎదురుగా ఎత్తి చూశారు. మధ్యలో సన్నటి వెలుతురు కనిపించింది. చెక్క గుంట పడింది! తలుపు చట్రంలో అలాంటి వెలుతురు కనబడితే ఆ చట్రాన్ని గుమ్మం దాటనివ్వని మనిషి ఆయన. తీగలు విప్పారు. విప్పగానే గుంట పోయి అదే చోట చిన్న గూను లేచింది. దాంతో ఆయనకు అనుమానం తీరిపోయింది, చెక్క పాడైంది. వీణకు ఉన్నట్టే మెడకు అడ్డంగా ఇత్తడి మెట్లు ఇరవై ఉన్నాయి. వాటిని పటకారుతో ఒక్కొక్కటే పీకి, కాగితం మీద వరుసగా పేర్చి, అంకెలు వేసి, చిత్రిక అందుకున్నారు. గంటలో మెడ అద్దంలా అయింది. ఆ తర్వాత మొదటి మెట్టును గాడిలో పెట్టి కొడితే, అది ఎగిరి బయట పడింది. గాళ్ళ లోతు తగ్గింది, అంచులు రాలాయి. రెండోదీ నిలవలేదు. మూడోదీ నిలవలేదు.

ఆరింటికి కోడలు వచ్చేసరికి ఆయన స్టూలు మీద తల వంచుకుని ఉన్నారు.

"ఏంటి మామయ్యా ఇది?"

"గుంటా గూనూ పోయాయమ్మా. గీత గీసినట్టుంది చూడు. మెట్లే... కూర్చోవట్లేదు."

ఆమె స్కేలు ఆనించి చూసింది. వెంట్రుక దూరే సందు లేదు. లోపలికి వెళ్ళి గ్లాసెడు మంచినీళ్ళు తాగి వచ్చింది.

"ఆ గుంట నేనే పెట్టాను మామయ్యా. కావాలనే."

"కావాలని ఎవరైనా వంకర పెడతారా?"

"తీగ మోగేటప్పుడు నడుం ఊపుతుంది. ఊగడానికి చోటు లేకపోతే మెట్లకి తగిలి గరగరమంటుంది."

"ఆ ముక్క ఒక్కసారి నాతో అంటే ఏం పోయేది?"

"మీరు ఒక్కసారి అడిగితే ఏం పోయేది? పదేళ్ళ నుంచి బల్ల, బల్ల అంటారే గానీ!"

బస్సు కండక్టరుగా పనిచేసే మొగుడు అప్పుడే గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాడు. తొంగి చూసి, "ఇప్పుడు నిజంగానే బల్ల అయింది నాన్నా," అన్నాడు.

"నువ్వు నోరు ముయ్యి!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

క్లబ్బులో ఇంకో బేస్ గిటారు లేదు. కొత్త మెడ తెప్పించాలంటే నెల పడుతుంది. ఆమె చాలాసేపు కాగితం మీది మెట్లను చూస్తూ నిలబడింది. మెట్లు లేకుండా వాయించేవాళ్ళు లోకంలో ఉన్నారని ఆమెకు తెలుసు. తనెప్పుడూ వాయించలేదు.

"గాళ్ళలో తెల్ల చెక్క పేళ్ళు దిగ్గొట్టి అతకండి మామయ్యా. గీతలైనా కనపడాలి."

గురువారం తెల్లవారి ఆయన కూర్చున్నారు. కోడలు షాపుకు మూడు రోజులు సెలవు పెట్టింది. జీవితంలో ఎవరినీ కొలత అడగని మనిషి, అడుగడుక్కీ అడిగారు.

"మందం ఎంత?"

"పోస్టు కార్డంత."

"ఇక్కడ నున్నగా పట్టనా? లేకపోతే వంకరగానే ఉంచమంటావా?"

"నున్నగానే పట్టండి. వంకర సంగతి నేను చూసుకుంటాను," అని ఆమె మొదటిసారి నవ్వింది.

మధ్యాహ్నానికి ఇరవై గీతలు కుదిరాయి. తీగలు ఎక్కించి లాగితే మెడ తనకు కావలసిన వంపు తనే తీసుకుంది. చిక్కంతా వేళ్ళతోనే వచ్చింది. మెట్లు ఉంటే వేలు కాస్త వెనక పడినా స్వరం సరిగ్గానే పలుకుతుంది. లేనప్పుడు వేలు గీత మీదే నిలవాలి. పదిహేనేళ్ళ అలవాటు వేలిని వెనక్కే లాగుతోంది, ప్రతి స్వరమూ కొంచెం దిగజారుతోంది.

"పక్కింటావిడ అడుగుతోంది, మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని," అన్నాడు మొగుడు శుక్రవారం.

మామగారు ఆ మాటకు లేచి వీధిలోకి వెళ్ళిపోయారు. చాలాసేపు రాలేదు.

శనివారం ఆమె ఒక దారి కనిపెట్టింది. పక్క తీగను ఊరికే మోగనిచ్చి, దానికి జోడుగా ఈ తీగను నొక్కింది. రెండూ కలవకపోతే మోత అలలా ఊగుతుంది. వేలు చీమంత జరిపితే ఆ ఊపు నెమ్మదించి, కలిసిన చోట ఆగిపోతుంది. కళ్ళు మూసుకుని, గీతలు చూడటం మానేసి, ఊపు ఆగే చోటు కోసమే వెతికింది. సాయంత్రానికి పది స్వరాల్లో తొమ్మిది నిలబడ్డాయి. పదోది పరీక్ష నాటికి నిలబడదని ఆమెకు తెలుసు.

ఆదివారం గిటారును మామగారే భుజాన వేసుకున్నారు, కొడుకు చేతికి కూడా ఇవ్వలేదు. పరీక్షకు ఇంకా ముగ్గురు వచ్చారు. బ్యాండు పెద్ద బక్కపలుచటి మనిషి, బూర ఊదుతాడు. గిటారు చూసి కళ్ళజోడు సవరించుకున్నాడు.

"మెట్లు ఏవమ్మా?"

"ఇంట్లో ఉన్నాయండి."

"ఇంట్లో ఎందుకున్నాయి?"

"మా మామయ్య దాచారు. అంకెలు కూడా వేశారు."

గోడ పక్క కుర్చీలో మామగారు చూపు నేలకు దించేశారు.

మొదటి పాట జోరుది. వేళ్ళు తొందరలో పాత చోట్లకే పరుగెత్తాయి. బ్యాండు పెద్ద నొసలు చిట్లించాడు. రెండోది నిదానపు పాట. ఆమె కళ్ళు మూసుకుంది. స్వరం నుంచి స్వరానికి వేలు జారుతూ వెళ్ళింది, మధ్యలో తెగని దారం లాగా. పాడుతున్న అమ్మాయి వెనక్కి తిరిగి చూసి, అటే చూస్తూ మిగతా పాట పాడింది.

"మొదటి పాటలో మూడు చోట్ల దిగజారావు, తెలుసా?" అన్నాడు బ్యాండు పెద్ద.

"నాలుగు చోట్లండి."

"నాలుగోది నాకు వినపడలేదు," అన్నాడు. "మిగతా ముగ్గురూ శుభ్రంగా వాయించారు. వాళ్ళలో ఎవరిని తీసుకున్నా నాకు పని జరిగిపోతుంది. రెండో పాట వాయించినంత బాగా మొదటిది వాయించడానికి నీకెన్ని రోజులు కావాలి?"

"వారం."

"ఓడ బయల్దేరడానికి పది రోజులుంది. రా."

మామగారు లేచి గిటారును మళ్ళీ భుజాన వేసుకున్నారు. ఇంటికి వచ్చే దారిలో ఆయన ఒక్క మాటే అన్నారు.

"నీ గిటారును ఇక ముట్టనమ్మా."

"ముట్టండి మామయ్యా. ముందు అడిగి ముట్టండి."

వారం అన్న పనిని ఆమె ఆరు రోజుల్లో పూర్తి చేసింది. ఆ వీధి నుంచి ఓడ బ్యాండులో వాయించడానికి వెళ్ళిన మొదటి మనిషి ఆమే, ఆడవాళ్ళలోనూ మగవాళ్ళలోనూ. మొన్న రెండో రేవు నుంచి ఫోను చేసి, సముద్రపు గాలికి చెక్క ఉబ్బిందనీ, తనే కడ్డీ తిప్పి సరిచేశాననీ చెప్పింది. ఎంత తిప్పావని మామగారు అడిగి, చెప్పినది గోడ మీద పెన్సిలుతో రాసుకున్నారు. ఆమెను తీసుకురావడానికి మొగుడు అప్పుడే సెలవు చీటీ పెట్టేశాడు. ఓడ సెప్టెంబరు పద్దెనిమిది, గురువారం ఉదయం పది గంటలకు తిరిగి ఇక్కడి రేవు చేరుతుంది.