నాంచారమ్మ బండి వెనక ఇరవై అడుగులు

గుడివాడలో మా పక్కింటి సుజాత హెల్మెట్ పెట్టుకోవడం మానేసింది. నేను నాగాయలంక దాకా వెళ్ళడానికి కారణం అదే.

సుజాత నర్సు. రోజూ స్కూటర్ మీద ఆసుపత్రికి వెళ్ళొస్తుంది. "హెల్మెట్ ఏదమ్మా?" అని అడిగితే హ్యాండిల్‌కి కట్టిన పసుపు తోరం చూపించి, "ఇదుంది కదండీ మాస్టారూ, ఇంక పడను" అంది. పగిలిన తలలకి కట్లు కట్టే మనిషి అనాల్సిన మాటేనా ఇది! ఫోన్‌లో వీడియో కూడా చూపించింది. పసుపు చీర కట్టుకున్న ఒకావిడ కళ్ళు మూసుకుని, రొయ్యల చెరువు గట్టు మీద మోటార్ సైకిల్‌ని మనిషి నడక కన్నా నెమ్మదిగా తోలుతోంది. కాలు కింద పెట్టడం లేదు. ముందు డప్పులు. అడుగున అక్షరాలు: "అమ్మ పూని నడిపే బండి. ఈ ఆదివారం నాగాయలంకలో. తోరాలకు గిలకలదిండి ఏడుకొండలుని కలవండి."

ముప్పై ఏళ్ళు బడిలో భౌతికశాస్త్రం చెప్పాను. సెలవుల్లో ఊరూరా తిరిగి బాబాల చేతి బూడిద ఎక్కణ్ణుంచి వస్తుందో జనానికి చూపించాను. ఇలాంటివి చూస్తే నాకు ఈ వయసులోనూ అన్నం సహించదు. సంచిలో టార్చి, కొలిచే టేపు, ఒక అయస్కాంతం వేసుకుని ఆదివారం ఉదయం ఐదున్నరకి స్టేషన్‌కి వెళ్ళాను. బందరు ప్యాసింజర్ ఇరవై నిమిషాలు ఆలస్యం.

పెట్టెలో ఎదురుగా రొయ్యల మేత వ్యాపారి కూర్చున్నాడు. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"నేనూ చూశానండీ. ఆడది అలా తోలిందంటే అమ్మవారు ఉండాల్సిందే," అన్నాడు. "మా బామ్మర్ది ముందు చక్రం గాల్లోకి లేపి కిలోమీటరు పోతాడు. అది వేరు."

"మీ బామ్మర్దికి ఏ దేవుడు పూనాడు?"

"వాడికి దేవుడెందుకండీ, పొగరు!"

పెట్టెంతా నవ్వింది. నేను నవ్వలేదు. మగాడు చేస్తే పొగరు, ఆడది చేస్తే పూనకం. ఆ కోపంలోనే పెడన దాటేలోపు రెండు పేజీల కరపత్రం రాసేశాను.

బందరులో దిగి షేర్ ఆటోలో గిలకలదిండి చేరేసరికి ఏడున్నర. హార్బర్‌లో చేపల వేలం మంచి ఊపు మీద ఉంది. కింద ఐసు నీళ్ళు, పొలుసులు, జారుడు. మనిషికీ మనిషికీ మధ్య చెయ్యి దూరదు. ఆ గుంపులోంచి చేపల ట్రేలు కట్టిన బండి ఒకటి నా చెప్పు అంచు పక్కనుంచి వెళ్ళింది. హారన్ లేదు, ఎవరికీ తగల్లేదు. నేను మాత్రం తోరాల కొట్టు కోసం వెతుకుతున్నాను. అరగంట తిరిగాక వలల కొట్టు పక్కన దొరికింది. వల అల్లే దారానికే పసుపు రంగు వేసి ముడులు పెట్టారు, అంతే. ఏడుకొండలు లేడు. బండినీ మరదల్నీ వ్యాన్‌లో ఎక్కించుకుని అప్పుడే నాగాయలంక బయల్దేరాడని కొట్లో ముసలావిడ చెప్పింది. తోలేది అతని తమ్ముడి భార్యేనట.

బస్టాండులో ఇడ్లీ తిని తొమ్మిదిన్నర బస్సెక్కాను. చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డ వంతెన, అవనిగడ్డ. అక్కడ భోజనం చేసి మరో బస్సు. ఒంటిగంటన్నరకి నాగాయలంకలో దిగాను. రేవు వైపు వెళ్ళేవాళ్ళు వెళ్ళండి, పడవలు బాగుంటాయి. నేను మైకు వినబడ్డ వైపు నడిచాను.

ఊరి బయట చెరువుల మధ్య షామియానా వేశారు. పక్కనే మురుగుకాలవ. దాని మీద అడ్డంగా ఒక చెక్క, మూరెడు వెడల్పు, ఇరవై అడుగుల పొడవు. బండి దాని మీదుగా వెళ్తుందట. మూడింటికి మైకు పట్టుకున్న ఏడుకొండలు "అమ్మ వచ్చే వేళయింది" అనగానే లేచి నిలబడ్డాను.

"మాది గుడివాడ, సైన్సు మాస్టార్ని. ఆ బండిలో ఏదో అమరిక ఉంది. నన్ను చూడనివ్వండి!"

అతను తడబడతాడనుకున్నాను. తెల్లచొక్కా సర్దుకుని చల్లగా నవ్వాడు. "రండి మాస్టారూ! తనివితీరా చూసుకోండి."

చూశాను. చక్రాలకి అయస్కాంతం పెట్టాను, ఇరుసులు కొలిచాను, ఇంజను కింద పడుకుని టార్చి వేశాను. దాచిన బరువు లేదు, అదనపు తీగ లేదు. క్లచ్ లీవర్ మాత్రం వేళ్ళు పట్టే చోట వెండిలా అరిగి ఉంది. దాన్నీ చూశాను, దాని అర్థం ఆలోచించలేదు. అబద్ధం చెప్పలేను కాబట్టి ఏమీ దొరకలేదన్నాను.

"విన్నారా!" మైకు మోగిపోయింది. "గుడివాడ నుంచి నాస్తికుడే వచ్చి చూశాడు! ఏ యంత్రమూ లేదన్నాడు! మరి అమ్మ కాక ఇంకెవరు?"

తోరాలు అమ్మే బల్ల ముందు వరుస రెండింతలైంది. నా జన్మలో అంత అవమానం పడలేదు. అతని సరుక్కి సీలు వేసినవాణ్ణి నేనే.

షామియానా వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. అక్కడ వీడియోలోని ఆవిడ, ముప్పై ఏళ్ళుంటాయి, పసుపు చీరలో గట్టు మీద కూర్చుని మంచినీళ్ళు తాగుతోంది.

"ఏం దొరికిందండీ?" అంది.

"ఏమీ లేదమ్మా."

"ఉండదు. నా పేరు నాంచారమ్మ. పుట్టిల్లు ఇక్కడే. పెళ్ళికి ముందు ఎనిమిదేళ్ళు ఈ గట్ల మీద మేత బస్తాలు మోసింది ఈ బండి మీదే." వంకరగా అతుక్కున్న మోచెయ్యి చూపించింది. "వానకి గట్టు జారి పడ్డాను. అప్పుడు ఏ అమ్మా పూనలేదు. పొద్దున గిలకలదిండిలో మీ కాలి పక్కనుంచి వెళ్ళింది కూడా నేనే. నాలుగు ట్రేల చేపలతో. మీరు తలెత్తి చూడలేదు."

నేను నా చెప్పు అంచు వైపు చూసుకున్నాను.

"వాళ్ళు అమ్మ అంటారు. మీరు మోసం అంటారు. నేను చేశానని ఒక్కళ్ళూ అనరేంటండీ?"

ఆవిడ పక్కనే గట్టు మీద కూర్చున్నాను.

మిగతాది ఆవిడే చెప్పింది. హార్బర్ పక్క ఖాళీ స్థలంలో ఆడవాళ్ళకి బండి నేర్పాలని ఆవిడ కోరిక. ముగ్గురు అడిగారు కూడా. "పూనకం ఎక్కడైనా నేర్పుతారా? నువ్వు నేర్పితే తోరం ఎవరు కొంటారు?" అని ఏడుకొండలు ఒప్పుకోడు. భర్త సముద్రం మీదకి వేటకెళ్తే వారం దాకా రాడు. మొన్నటి ప్రదర్శనలో చీర కొంగు బండి గొలుసులో పడి మెడ దాకా లాగింది. "ఈ చీరే నన్ను చంపుతుందండీ. కళ్ళు కూడా మూయను, సగం వాలుస్తాను. మూస్తే పడతాను."

"పద, మైకులో చెప్తాను," అన్నాను.

"మీరు చెప్తే ఎవరు వింటారు, ఇప్పుడే చూశాంగా. నా వెనక ఎక్కండి. అమ్మ నడిపే బండైతే మీలాంటి నాస్తికుణ్ణి నీళ్ళలో పడెయ్యాలి కదా? పడకపోతే తోలింది నేనే."

ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పిన నాకు తట్టని ప్రయోగం.

పది నిమిషాల్లో చుడీదార్ మీద మగవాళ్ళ చొక్కా, తలకి హెల్మెట్ పెట్టుకుని వచ్చింది. చేపల కత్తితో హ్యాండిల్ మీది తోరం కోసేసింది. ఏడుకొండలు మైకు పక్కకి పెట్టి, "చీర ఏదమ్మా?" అన్నాడు పళ్ళు బిగించి.

"గొలుసుకి కావాలంటే ఇచ్చేస్తా బావగారూ, నేను మాత్రం కట్టను."

జనం గొల్లుమన్నారు. ఆవిడే మైకు అందుకుంది. "పూనకం లేదు, ఏం లేదు. క్లచ్ సగం, వెనక బ్రేకు కొంచెం, చూపు అవతలి గట్టు మీద. అంతే."

ఎక్కాను. డప్పులు మొదలయ్యాయి. బండి చెక్క మీదికి పాకింది. ఇంజను ఒకే శ్రుతిలో మూలుగుతోంది. నడి చెక్క దగ్గర చెక్క కిందకి వంగింది. బండి దాదాపు ఆగింది. కింద నల్లటి నీళ్ళు.

"మీ మోకాలు వణుకుతోంది మాస్టారూ, బండికి తెలుస్తోంది. నీళ్ళు చూడకండి. నా హెల్మెట్ చూడండి."

చూశాను. ఆవిడ కుడి పాదం బ్రేకు మీద చీమ కదిలినంత కదిలింది. నేను వణికినప్పుడల్లా ఆ పాదం, ఆ వేళ్ళు నా వణుకుని సరిచేస్తున్నాయి. డప్పులు ఎప్పుడు ఆగాయో తెలియదు. ముందు చక్రం మట్టిని తాకింది.

వెనకనుంచి ఎవరో అరిచారు: "నాస్తికుణ్ణి కూడా దాటించింది తల్లి!"

చప్పట్లు! నా రక్తం ఉడికిపోయింది. కళ్ళెదుట జరిగిన పనిని కూడా చూడలేని ఈ గుడ్డితనాన్ని ఏమనాలి? నేను నోరు తెరిచేలోపే నాంచారమ్మ నన్ను దించి, ఆ ఇరుకు గట్టు మీదే బండి తిప్పి, చెక్క మీదుగా జనంలోకి వెళ్ళిపోయింది. "తల్లీ లేదు, తోరమూ లేదు. ఎవరొస్తారు? ఇప్పుడే నేర్పుతాను!" అంది. ఏడుకొండలు మైకు ఆపేశాడు. ఆవిడ గొంతుకి మైకు అక్కర్లేకపోయింది. మేత బస్తాలు మోసే ఒక పెద్దావిడ చీర ఎగ్గట్టి, "నేనొస్తానే నాంచారీ, పడితే నవ్వారంటే ఊరుకోను" అంటూ ముందుకొచ్చింది.

తోరాల వరుస అలాగే ఉంది. అది కూడా రాయాలి.

ఐదున్నరకి బస్సు. జనంలో ఒకతను తీసిన ఫొటో నా ఫోన్‌కి పంపించాడు: చెక్క మీద హెల్మెట్‌తో నాంచారమ్మ, వెనక భయంతో బిగుసుకుపోయిన నేను. అవనిగడ్డ దాటాక దాన్ని సుజాతకి పంపాను. "మరి తోరం ఏదండీ?" అని జవాబు వచ్చింది. "కత్తితో కోసేసింది" అని రాశాను. మళ్ళీ జవాబు రాలేదు.

చల్లపల్లి దాటి బస్సు కూచిపూడిలో ఆగింది. ఇక్కడ పళ్ళెం అంచుల మీద నిలబడి ఆడే పిల్లని చూసి, ఎన్నేళ్ళు సాధన చేసిందని అడుగుతాం. ఎవరి దగ్గర నేర్చుకుందని అడుగుతాం. చేపల ట్రేలు మోసే ఆడదాన్ని మాత్రం అడగం. సంచిలోంచి పొద్దుటి కరపత్రం తీశాను. రెండు పేజీల నిండా అమ్మవారూ, మోసమూ. బండి తోలిన మనిషి ఒక్క వాక్యంలోనూ లేదు. చించి కిటికీలోంచి పారెయ్యబోయి, సిగ్గుతో మళ్ళీ సంచిలోనే పెట్టుకున్నాను.

వెళ్ళాలనుకునేవాళ్ళు నాగాయలంక దాకా వెళ్ళనక్కర్లేదు. బందరులో దిగి, ఏడున్నరకల్లా గిలకలదిండి వేలం దగ్గర నిలబడండి. మీ కాలి పక్కనుంచి ఒక బండి వెళ్తుంది. తలెత్తి చూడండి.