తాళాల ఫొతీని

ఏథెన్స్‌లోని కిప్సేలీ పేటలో ఆమెను అందరూ తాళాల ఫొతీని అనేవారు. నలభై కార్లు పట్టే నేలకింది పార్కింగ్ గ్యారేజీలో ఆమె డెబ్బై పట్టించేది. వచ్చినవాళ్లు తాళం ఆమె చేతిలో పెట్టి, ఎన్నింటికి తిరిగొస్తారో చెప్పి పోయేవారు. త్వరగా వెళ్లేవి దారివైపు, ఆలస్యంగా వెళ్లేవి గోడవైపు. ఇరవై రెండేళ్లలో ఒక్క కారుకీ గీత పడలేదు. ఆ పనంటే ఆమెకు ప్రాణం.

తొమ్మిది దేశాల్లో గ్యారేజీలు నడిపే కంపెనీ ఒకటి దాన్ని కొనేసింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా, వారంలో నేలంతా తెల్లగీతలు, మూలమూలా కెమెరాలు, నొక్కితే ఏ పరాయి దేశంలోనో మోగే హెల్ప్ బటన్. తాళం ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుందని ఫొతీని చేత సంతకం పెట్టించారు. ఇకపై ఆమె పని ఆ బటన్ ఎక్కడుందో చూపించడం. యాభై ఎనిమిదేళ్ల మనిషికి ఇంకెవరిస్తారు పని? ఒళ్లు మండుతుండగానే సంతకం పెట్టింది.

మొదటి రోజు పొద్దున జనం అలవాటుగా ర్యాంపు మీదే కార్లు ఆపి, తాళాలు ఆమె బల్ల మీద పడేసి పోయారు.

"అక్కా, పన్నెండింటికి వస్తా."

"నేను ముట్టుకోకూడదయ్యా, విను."

ఎవరు వింటారు? పదింటికల్లా పదకొండు కార్లు దారి మూసేశాయి. అడుగున ఇరుక్కున్నది, ఆమె చేత సంతకం పెట్టించిన కంపెనీ మేనేజరు ఆర్జిరిస్ కారు. ఆయన బటన్ నొక్కాడు. అవతలి గొంతు ఇంగ్లీషులో ఆగమని చెప్పి, పాట పెట్టి పోయింది.

"ఫొతీని గారూ, మీరే తీయాలి. నా విమానం వెళ్లిపోతుంది."

"కాగితం మీద రాసివ్వు నాయనా."

"నా మాట చాలదా? ఇక్కడ కంపెనీ అంటే నేనే."

"మొన్న కాగితమే కంపెనీ అన్నావుగా."

"మా తల్లివి కదూ, ఈ ఒక్కసారికి."

ఆయన మీద జాలితో కాదు, చేతులు ఊరుకోక తీసింది. పావుగంటలో పదకొండు కార్లు.

నాలుగో రోజు ఉత్తరం వచ్చింది. నిబంధన మీరినందుకు ఉద్యోగం తీసేశామని, కింద ఆర్జిరిస్ సంతకం. సాక్ష్యంగా కెమెరా ఫొటో. స్టీరింగు ముందు ఫొతీని. అంచున ఖరీదైన కోటు తొడిగిన చెయ్యి ఒకటి, ఇటు తిప్పమని దారి చూపిస్తోంది. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను చూశాం గానీ, తెప్ప మీదే నేరం మోపేవాళ్లను ఇప్పుడే చూశాం.

ఆమె నేరుగా ఆయన ఆఫీసుకు వెళ్లి ఫొటో బల్ల మీద పెట్టింది.

"ఈ చెయ్యి ఎవరిది?"

"అందులో ముఖం మీదేనండీ."

"నాదే. దాచుకోవాల్సిన పని నేను చేయలేదు."

ఆర్జిరిస్ బల్ల మీదున్న చేతిని మెల్లగా కిందికి లాక్కున్నాడు.