ఎరవు తెచ్చిన మానిటర్

నిన్న ఉదయం మా అమ్మాయి తన గదిలో బల్ల మీద రెండు మానిటర్లు పక్కపక్కన నిలబెట్టి, వైర్లు తగిలించే పని నాకు అప్పగించి స్నానానికి పోయింది. తగిలించాను. మౌస్ కదిపాను. ఎడమ తెర మీది బాణం కుడి తెరలోకి పోవలసింది పోయి, అంచుకు నుదురు కొట్టుకుని అక్కడే ఆగిపోయింది. ఎడమకు తోస్తే మాయమై, భూగోళమంతా చుట్టి వచ్చినట్టు కుడి తెర కుడి కొసన తేలింది. అది చూడగానే నా కుడికాలు దానంతట అదే ఊగడం మొదలుపెట్టింది. ఇరవై అయిదేళ్ళ క్రితం కూడా ఈ కాలే, ఇలాగే ఊగింది.

అప్పుడు మేము కోయంబత్తూరు పొలిమేరలో ఉండేవాళ్ళం. నేను ఇంట్లోనే కూర్చుని పంపుసెట్ల కంపెనీలకు కంప్యూటర్ మీద బొమ్మలు గీసి ఇచ్చేవాణ్ణి. ఉదయం టిఫిన్ క్యారియర్ పట్టుకుని బస్సెక్కనివాడికి వేల లేనట్టే లెక్క మా వాళ్ళకు. ఉద్యోగాన్ని మేము తమిళంలోలా వేల అనే అంటాం. నాకు వేల లేదన్న వార్త పొల్లాచ్చి దాకా పోయింది. పోకూడని చోటు అదొక్కటే. ఎందుకంటే అక్కడ ఒక పెళ్ళిలో నా తెల్లచొక్కా మీద రసం ఒలికినప్పుడు పందిరి కూలేంత గట్టిగా నవ్విన అమ్మాయి ఒకతె ఉంది. ఆ నవ్వు విన్నప్పటి నుంచి నేను కుర్చీలో అరగంట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. సంబంధం మాట్లాడితే వాళ్ళ తాత ఒప్పుకోలేదు. చివరికి, ఆదివారం వచ్చి ఇల్లు చూస్తాం, ఆ పైన మాట, అని కబురంపాడు.

ఇల్లు చూడడమంటే గోడలు చూడడం కాదని మన ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు. బావిలో నీళ్ళెన్ని బారలున్నాయి, కొట్టంలో ఎద్దులెన్ని జతలున్నాయి, అన్నీ చూసి, నచ్చితేనే ఆకు వేయించుకుని భోంచేస్తారు. దాన్నే చెయ్యి తడపడం అంటారు. నచ్చకపోతే మంచినీళ్ళు తాగి లేచిపోతారు. మాకు ఎద్దులు లేవు, బావి ఎండిపోయింది, నాయిన పోయి నాలుగేళ్ళయింది. చూపించడానికి ఉన్నదల్లా బూడిదగుమ్మడికాయంత చిన్న మానిటర్ ఒకటి. ఒక్కటైతే ఆట వస్తువులా ఉంటుంది, రెండుంటే కార్ఖానాలా ఉంటుందని నాకొక దిక్కుమాలిన ఆలోచన పుట్టింది.

ఊళ్ళో బ్రౌజింగ్ సెంటర్ నడిపే స్నేహితుడి దగ్గర ఒక పెద్ద మానిటర్ ఎరవు అడిగాను. ఆ రోజుల్లో మానిటర్ అంటే నేటి పలక కాదు, వెనక వీపు కూడా ఉన్న ప్రాణి, ఏనుగుపిల్లకు రెండు కిలోలు తక్కువ. టౌన్ బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. నా తొడలకు ఆ రోజు పోయిన స్పర్శ సగమే తిరిగొచ్చింది. కంప్యూటర్ పెట్టె విప్పి, రెండో తెరకు కావలసిన కార్డు గుచ్చి, పెద్దది ఎడమ, చిన్నది కుడి అని యంత్రానికి ఒప్పజెప్పేసరికి రెండు రోజులు పట్టింది. బాణం ఇందులోంచి అందులోకి సాఫీగా నడిచిన క్షణాన నేను సముద్రం దాటినవాడిలా ఒంటికాలి మీద గంతులేశాను.

ఆదివారం ఉదయం నేను షేవింగ్‌లో ఉండగా మా అమ్మ ఆ గదిలోకి పోయింది. రెండింటికీ విభూతి, కుంకం పెట్టింది. పీటల మీద కూర్చున్నప్పుడు పెళ్ళికొడుకు కుడివైపు ఉండాలి కదా, అందుకని పెద్దదాన్ని కుడికి, చిన్నదాన్ని ఎడమకు మార్చి కూర్చోబెట్టింది. వైర్లు ఊడకుండా మార్చినందుకు ఆమెకు బిరుదు ఇవ్వవచ్చు. ఆ సంగతి యంత్రానికి చెప్పలేదు. నాకూ చెప్పలేదు.

కారు నిండా వచ్చారు. తాతగారు తెల్లపంచెలో, నా వాకిలికి తలవంచి దూరేంత పొడుగు. కంప్యూటర్ ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

"ఇది ఏంటికి రెండు?"

పాత బొమ్మ ఒకదాంట్లో పెట్టుకుని, కొత్తది ఇంకోదాంట్లో గీస్తానని చెప్పాను.

"సరి. ఈడనించి ఆడికి పోనియ్యి, చూస్తాం."

పెద్ద తెర మీది బాణాన్ని ఎడమకు తోశాను. పోలేదు. మళ్ళీ తోశాను. తలుపు చాటున అమ్మ గాజుల చప్పుడు ఆగిపోయింది. నా కుడికాలు ఊగడం మొదలుపెట్టింది. కంగారులో కుడికి తోస్తే, బాణం గోడ వైపు దూకి మాయమై, చిన్న తెర ఎడమ కొసన ప్రత్యక్షమైంది. నా చెమటతో ఆ వేళ మా ఎండిన బావి నిండాల్సింది.

ముసలాయన కళ్ళు చికిలించాడు.

"తంబీ, దాపటెద్దుని వలపట కట్టినావు. ఎడమదాన్ని కుడిపక్క కడితే కాడి కిందకి వస్తాదా? మార్చి కట్టు."

నలభై ఏళ్ళు జత ఎద్దులతో నీళ్ళు తోడిన కన్ను అది. కంప్యూటర్ మొహం చూడడం అదే మొదటిసారి. నేను లేచేలోపే ఆయన పంచె ఎగ్గట్టి పెద్దదాన్ని చంకలో పిల్లాడిలా ఎత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. దాని వెనక, సెంటర్ వాళ్ళు ఎర్రరంగుతో రాసిన అంకె, అరచేయంత ఏడు.

"ఇది ఏడు. తక్కిన ఆరూ ఏడ ఉండాయి తంబీ?"

గదిలో అందరూ నా వైపు చూశారు. చెప్పదగ్గ అబద్ధాలు పదిహేను తోచాయి, ఒక్కటీ నోటి దాకా రాలేదు. ఎరవు తెచ్చానండీ, రేపు తిరిగి ఇచ్చెయ్యాలి, నాదల్లా ఆ చిన్నదొక్కటే, అన్నాను. పొల్లాచ్చి నవ్వు నాకు ఇక వినబడదని అక్కడే తీర్మానించుకున్నాను.

ఆయన మానిటర్‌ను ఎడమవైపు పెట్టాడు, చిన్నదాన్ని కుడికి జరిపాడు. కదిలించి చూడమన్నాడు. బాణం సాఫీగా నడిచింది. అప్పుడు వెంట వచ్చిన తన కొడుకు వైపు తిరిగాడు.

"మీ అమ్మోళ్ళు ఇల్లు చూడొచ్చిన దినం మన కొట్టంలో ఉన్న వలపటెద్దు ఎవురిదిరా? పక్కింటోళ్ళది. సాయంత్రం దాని ఇంటికి అదే పోయేసింది, మీ అవ్వ తాత చూస్తా ఉండంగానే." భుజాలు అదిరేలా నవ్వి, తలుపు వైపు గొంతెత్తాడు. "ఏమ్మా, ఆకు వెయ్యి. ఆకలేస్తాంది."

మా అమ్మ ఆ రోజు వడ్డించిన పాయసంలో ఉప్పు పడింది. అయినా ఎవరి ఆకులోనూ చుక్క మిగల్లేదు.

నిన్న మా అమ్మాయి తల తుడుచుకుంటూ వచ్చి, సెట్టింగ్స్ తెరిచి, రెండు తెరలకూ గుర్తుగా ఉన్న రెండు చిన్న గళ్ళలో ఒకదాన్ని వేలితో లాగినట్టు మౌస్‌తో అటు పక్కకు లాగింది. అంతే, బాణం దారిలో పడింది. ఎవరూ ఏదీ ఎత్తలేదు, పంచె ఎగ్గట్టలేదు. నాకెందుకో చేతులు ఖాళీగా అనిపించాయి. రెండూ నీవేనా అని అడిగాను.

"ఒకటి ఆఫీసుది నాయినా. వేల విడిస్తే తిరిగి ఇచ్చెయ్యాల," అంది, గొంతులో రవ్వంత జంకు లేకుండా. కుర్చీ కూడా వాళ్ళదేనట. ఎరవును దాచుకోవలసిన కాలం ఎప్పుడు పోయిందో నేను గమనించనే లేదు. దాపట అంటే ఏ పక్కో ఆమెకు తెలియదు. తెలియవలసిన అవసరమూ రాలేదు.

అప్పుడు వంటింట్లోంచి, ఆ తాత మనవరాలు, ఇరవై అయిదేళ్ళుగా నా చొక్కాల మరకలకు నవ్వుతున్న మనిషి, వెనక నంబరేమైనా ఉందేమో చూడమంది. వంగి చూశాను. ఉంది. నల్ల గీతల కింద, చీమల బారులా, కళ్ళద్దాలు పెట్టుకున్నా లెక్కకు రానన్ని అంకెలు. తక్కినవన్నీ ఎక్కడున్నాయని అడిగే ఆయనే లేడు.