డ్రమ్ముల దగ్గర ఎవరూ లేరు

మా ఆవిడ చేతి పప్పుచారు మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. నా సంగతి తెలిసినవాళ్లు ఈపాటికే నవ్వుతుంటారు. గ్రాండ్ క్యాన్యన్‌లో జారిపడ్డ నా చెప్పును గద్ద తెచ్చి ఇచ్చిందని చెప్పినవాణ్ని నేనే. అది వేరు, ఇది వేరు.

దయ్యాలనీ ఆత్మలనీ నేను ఏనాడూ నమ్మలేదు. గ్రాండ్ క్యాన్యన్ ఉన్న రాష్ట్రంలోనే, చాండ్లర్ అనే ఊళ్లో కంప్యూటర్ చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నాను. లోపల తలనుంచి కాలిదాకా తెల్ల సూట్లు వేసుకుని, కళ్లు మాత్రమే కనిపించేలా తిరుగుతుంటాం. దయ్యమంటూ ఉంటే మమ్మల్ని చూసి అదే జడుసుకోవాలి.

మా వీధి చివర ఒకాయన ఇల్లు మారుతూ, పాత సామాను అమ్మేయడానికి గరాజ్ సేల్ పెట్టాడు. అక్కడ దొరికిందా పెట్టె. పాత వీడియో గేమ్. లోకమంతా పేరున్న ఒక బ్యాండు పాటలతోనే చేసిన ఆట. రెండు ప్లాస్టిక్ గిటార్లు, ఒక మైకు, రబ్బరు మూతలున్న నాలుగు డ్రమ్ములు. టీవీలో ఆ బ్యాండు కుర్రాళ్లు నలుగురూ వాయిస్తుంటే, రంగు బిళ్లలు కిందికి జారుతూ వస్తాయి. బిళ్ల గీతను తాకిన క్షణంలోనే మనం మీట నొక్కాలి, డ్రమ్ము కొట్టాలి. తప్పులు ఎక్కువైతే జనం గోల చేసి స్టేజి దింపేస్తారు.

మా ఆవిడ సునంద పెట్టెను చూసి, "గరాజ్‌లో కారుకి చోటుందా, లేక కారునే అమ్మేసి వచ్చారా?" అంది.

డ్రమ్ములు పలకాలంటే బ్యాటరీలు వేయాలి. వేశాను. రెండో రోజే సునంద టీవీ రిమోట్ కోసం వాటిని పీకేసింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఇక రాజ్యలక్ష్మిగారు. కర్ణాటక సంగీతం టీచరు. మా అమ్మాయి మేఘన, మా చుట్టుపక్కల తెలుగు పిల్లలందరూ ఆవిడ దగ్గరే సరళీ స్వరాలు నేర్చుకున్నారు. పక్కన కూర్చుని మృదంగం వాయించేది ఆవిడ భర్త మూర్తిగారు. ఆయనకో అలవాటుండేది. పాట చివర ముక్తాయింపు అయిపోయాక, అంతా సద్దుమణిగాక, ఎడమ చేత్తో ఒక్క తట్టు తట్టేవారు. తలుపు తట్టినట్టు.

"లెక్కలో లేనిది ఎందుకండీ?" అని ఆవిడ ముప్ఫై ఏళ్లు పోట్లాడారు.

"నీకు చప్పట్లు కొట్టేవాడు ఒకడైనా ఉండాలిగా!" అనేవారాయన.

నేను ఆ ఆట కొనడానికి ఏడాదిన్నర ముందు ఆయన పోయారు. ఆనాటి నుంచి ఆవిడ గొంతు విప్పలేదు. పిల్లలు క్లాసుకొస్తే రికార్డింగులు పెట్టి వినిపించేవారు. మొన్న వేసవిలో ఒక శనివారం మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే, కారు డిక్కీలో మృదంగం వేసుకుని వచ్చారు.

"క్లాసు మూసేస్తున్నానయ్యా. దీన్ని గుళ్లో ఎవరికైనా ఇచ్చెయ్యి. ఇంట్లో ఉంటే చూడలేకపోతున్నాను," అన్నారు.

భోజనాలయ్యాక, ఆవిడ మనసు కాస్త మళ్లుతుందేమోనని గేమ్ పెట్టాను. నేను గిటారు. కాలేజీ సెలవులకొచ్చిన మేఘన మైకు పట్టింది. రెండో లైనుకే టీచరుగారు మొహం చిట్లించారు.

"మేఘనా, శ్రుతి తప్పుతోంది!"

"ఆంటీ, ఇట్స్ జస్ట్ ఎ గేమ్!"

"గేమైతే? పక్కింటి కుక్కకి చెవుల్లేవా? ఇలా ఇవ్వు."

శ్రుతి తప్పితే ఆవిడ ప్రాణం ఒప్పుకోదు. దుఃఖం కూడా ఆ తరవాతే. మైకు చేతిలోకి తీసుకున్నారు. మేఘన రెండో గిటారు పట్టింది. కానీ ఆ ఇంగ్లీషు పాట ఆవిడకి అర్థం కాలేదు. అర్థం తెలియని మాట ఆవిడ పాడరు. అందుకని ఆ వరసకి స్వరాలు కట్టి, స-రి-గ-మల్లో మొదలుపెట్టారు. ఆ ఆట మాటలు చూడదు, శ్రుతి మాత్రమే చూస్తుంది. అయినా స్కోరు పడదే!

"సరిగ్గానే పాడుతున్నాను, ఇదెందుకు ఒప్పుకోదు?"

"నువ్వు నోట్‌ని షేక్ చేస్తున్నావ్ ఆంటీ. స్ట్రెయిట్‌గా పాడు."

"పాడండి అనాలే!" అని వంటింట్లోంచి సునంద.

"గమకం తీసెయ్యాలా? ఉప్పులేని పెరుగన్నం పెట్టమన్నట్టుంది," అన్నారు టీచరుగారు. అంటూనే కళ్లు మూసుకుని, తొడ మీద తాళం వేస్తూ, గీత గీసినట్టు పాడారు. ఏడాదిన్నర తరవాత ఆ గొంతు.

అప్పుడు టీవీలో నాలుగో వరస వెలిగింది. డ్రమ్ముల వరస.

మేఘన నావైపు చూసింది. నా రెండు చేతులూ గిటారు మీదే ఉన్నాయి. డ్రమ్ములు నాకు ఆరడుగుల దూరంలో, గోడ పక్కన ఉన్నాయి. వాటి దగ్గర ఎవరూ లేరు. డ్రమ్ములు కొట్టే పుల్లలు రెండూ పెట్టెలోనే ఉన్నాయి. ఏసీ గాలి అటు రాదు, తరవాత కాగితం ముక్క పట్టుకుని మరీ చూశాను. అయినా రబ్బరు మూతలు టప్ టప్‌మని మోగుతున్నాయి. వేళ్లతో నొక్కినట్టు కొంచెం కొంచెం దిగుతున్నాయి. ఒక్క బిళ్ల తప్పలేదు. సునంద గరిటెతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. విచిత్రమేమిటంటే ఎవరికీ భయం వేయలేదు. మేఘన పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. నేనూ అంతే.

ఆ ఆటలో పాట చివర కాసేపు డ్రమ్మరు తన ఇష్టమొచ్చినట్టు వాయించుకోవచ్చు. అక్కడ వచ్చింది మృదంగం ముక్తాయింపు: తధిగిణతోం, తధిగిణతోం, తధిగిణతోం. మూడో "తోం", తొడ మీద ఆవిడ అరచెయ్యి, ఒక్కసారే పడ్డాయి. టీవీలో జనం ఈలలు వేశారు.

అంతా సద్దుమణిగాక, ఎడమ చివరి డ్రమ్ము మీద ఒక్క తట్టు.

ఆవిడ కళ్లు తెరిచారు. వెనక్కి తిరగలేదు.

"అది లెక్కలో లేదండీ," అన్నారు. అని పగలబడి నవ్వారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. "ఇంకోటి పెట్టవే మేఘనా!"

సాయంత్రం దాకా పదకొండు పాటలు పాడారు, అన్నీ స్వరాల్లోనే. ఆ నాలుగో వరస మళ్లీ వెలగలేదు. ఆవిడ వెళ్లేటప్పుడు మృదంగం దించుకుందామని నేను డిక్కీ దగ్గరికి వెళితే, "ముట్టుకున్నావంటే ఊరుకోను," అన్నారు. తరవాతి శనివారం క్లాసు మళ్లీ మొదలైంది. ఈసారి మా ఇంట్లో.

ఆ డ్రమ్ముల్ని తిరగేసి, బోర్లించి, విప్పి చూశాను. ఇరవై ఏళ్లుగా చిప్పులతో బతుకుతున్నవాణ్ని, నాకేమీ అంతుపట్టలేదు. ఇవాళ్టికీ పట్టలేదు.

పప్పుచారు మీద ఒట్టేశాను కాబట్టి ఒకటి ఒప్పుకోవాలి. సునంద బ్యాటరీలు పీకేసిందన్నది నేను కల్పించిందే. కథ గట్టిగా నిలబడుతుందని కలిపాను. బ్యాటరీలు డ్రమ్ముల్లోనే ఉన్నాయి. అయితే బ్యాటరీలకి తధిగిణతోం ఎవరు నేర్పారు?

శనివారం శనివారం ఆవిడ పాడుతుంటే ఆ డ్రమ్ములు గోడ పక్కనే ఉంటాయి. మళ్లీ ఎప్పుడూ మోగలేదు. కొత్త బ్యాటరీలు మాత్రం నెలకోసారి నేనే వేస్తున్నాను. ఎందుకైనా మంచిది.